మిథ్రల్, అడమంటైన్, డ్రాగన్ తోలు: పాత్‌ఫైండర్‌లో కవచం దేనితో చేయించాలి?

పాత్‌ఫైండర్ అనే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో చేతిలో నాలుగు గోల్డ్ (బంగారు నాణేలు) ఆడగానే ప్రతి పాత్రకీ మిథ్రల్ అనే తేలికైన లోహం మీద మనసు పడుతుంది. ఫుల్ ప్లేట్ వేసుకున్న పాలడిన్‌ దగ్గర్నించి తోలు చొక్కాలో తిరిగే రోగ్‌ దాకా అందరిదీ అదే మాట. కొందరికి అది నిజంగానే పాత్ర తీరు మార్చేసే కొనుగోలు. మరికొందరికి 9,000 గోల్డ్ పోసినా ఏసీ (ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలకుండా కాపాడే అంకె) ఒక్క పాయింట్ కూడా పెరగదు. లోహం అరుదైనదా కాదా అన్నది పక్కన పెట్టి, మీ పాత్రకి ఏది కొరతగా ఉందో చూసి ఎంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

కింది లెక్కలన్నీ 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ తొలి ఎడిషన్‌వి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) 3.5 ఆడేవాళ్లకి కూడా చాలావరకు పనికొస్తాయి, అక్కడ బ్రెస్ట్‌ప్లేట్, ఫుల్ ప్లేట్‌ల ఏసీ మాత్రం ఒక్కొక్కటి తక్కువ. 2019 నాటి రెండో ఎడిషన్‌లో పద్ధతే వేరు, దానికి ఈ లెక్కలు వాడొద్దు.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది డెక్స్టెరిటీ (డెక్స్), అంటే పాత్ర చురుకుదనం. దాన్నించి వచ్చే బోనసే మాడిఫయర్, అది ఏసీకి కలుస్తుంది. ప్రతి కవచానికీ ఒక డెక్స్ పరిమితి ఉంటుంది, మీ మాడిఫయర్ అంతకు మించితే మిగిలింది వృథా. మిథ్రల్ ఆ పరిమితిని 2 పెంచుతుంది. మీ మాడిఫయర్ పరిమితి లోపలే ఉంటే పెరిగిన ఆ 2 మీకు అక్కర్లేదు.

రెండోది క్లాస్ (పాత్ర వృత్తి) పెట్టే షరతు. కవచాలు లైట్, మీడియం, హెవీ అని మూడు తరగతులు. రోగ్ ఎవేజన్ (ఫైర్‌బాల్ లాంటివాటి నుంచి తప్పించుకునే శక్తి) లైట్ కవచంలోనే పనిచేస్తుంది. బార్బేరియన్ ఫాస్ట్ మూవ్‌మెంట్ హెవీలో పోతుంది. డ్రూయిడ్ ఏ లోహమూ తొడగకూడదు, తొడిగితే తీసేశాక కూడా 24 గంటలపాటు స్పెల్స్ ఉండవు. మిథ్రల్ ఎంత తేలికైనా లోహమే కాబట్టి డ్రూయిడ్‌కి ఆ దారి మూసుకుపోయినట్టే.

మూడోది, ఒక్కో పోరులో మీ మీద పడే దెబ్బల సంఖ్య. ఒక్క పెద్ద దెబ్బ తినే పాత్రకీ, రౌండ్‌కి నాలుగైదు చిన్న దెబ్బలు తినే పాత్రకీ అడమంటైన్ అనే గట్టి లోహం విలువ ఒకటి కాదు.

నాలుగోది, అదే డబ్బుతో ఇంకేం వస్తుందన్నది. మామూలు మాస్టర్‌వర్క్ (మేలురకం పనితనంతో చేసిన) కవచానికి +1, అంటే ఏసీకి ఒకటి కలిపే మంత్రం, పెట్టించాలంటే 1,000 గోల్డ్, +2కి 4,000, +3కి 9,000, +4కి 16,000. ఇప్పుడు మిథ్రల్ ధరలు చూడండి: లైట్ కవచానికి అదనంగా 1,000, మీడియంకి 4,000, హెవీకి 9,000. వరసగా +1, +2, +3ల ధరలే. అంటే ప్రతిసారీ అసలు ప్రశ్న "మిథ్రల్ కావాలా, లేక ఈ డబ్బుకి వచ్చే ప్లస్ కావాలా" అన్నదే. ఒక తేడా గుర్తుంచుకోవాలి. ప్లస్‌లు ఎప్పుడైనా చేర్చుకోవచ్చు, లోహం మాత్రం తర్వాత మార్చుకోలేరు. మామూలు ఉక్కు కవచం మీద +2 దాకా ఖర్చు పెట్టాక మిథ్రల్ కావాలనిపిస్తే, దాన్ని సగం ధరకి అమ్మి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. కింది పట్టికలో చెక్ పెనాల్టీ అంటే ఎక్కడం, ఈదడం లాంటి పనుల రోల్‌లో కవచం వల్ల తగ్గే అంకె, స్పెల్ ఫెయిల్యూర్ అంటే కవచం వల్ల స్పెల్ విఫలమయ్యే అవకాశం.

| కవచం | ధర (గోల్డ్) | ఏసీ | డెక్స్ పరిమితి | చెక్ పెనాల్టీ | స్పెల్ ఫెయిల్యూర్ |
|---|---|---|---|---|---|
| మాస్టర్‌వర్క్ చైన్ షర్ట్ | 250 | 4 | 4 | −1 | 20% |
| మిథ్రల్ చైన్ షర్ట్ | 1,100 | 4 | 6 | 0 | 10% |
| మాస్టర్‌వర్క్ బ్రెస్ట్‌ప్లేట్ | 350 | 6 | 3 | −3 | 25% |
| మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ | 4,200 | 6 | 5 | −1 | 15% |
| అడమంటైన్ బ్రెస్ట్‌ప్లేట్ | 10,200 | 6 | 3 | −3 | 25% |
| డ్రాగన్ తోలు బ్రెస్ట్‌ప్లేట్ | 700 | 6 | 3 | −3 | 25% |
| మాస్టర్‌వర్క్ ఫుల్ ప్లేట్ | 1,650 | 9 | 1 | −5 | 35% |
| మిథ్రల్ ఫుల్ ప్లేట్ | 10,500 | 9 | 3 | −3 | 25% |
| అడమంటైన్ ఫుల్ ప్లేట్ | 16,500 | 9 | 1 | −5 | 35% |

మిథ్రల్, అడమంటైన్ కవచాలు రెండూ ఎప్పుడూ మాస్టర్‌వర్కే. ఆ 150 గోల్డ్ లోహం ధరలోనే కలిసి ఉంటుంది, మళ్లీ కలపొద్దు. అలాగే మిథ్రల్ తగ్గించే 3 చెక్ పెనాల్టీలో మాస్టర్‌వర్క్ తగ్గించే 1 కూడా ఉంది. రెండూ కలిపి 4 తీసేసిన క్యారెక్టర్ షీట్లు తరచూ కనిపిస్తాయి.

మిథ్రల్

బరువు సగమవుతుంది, స్పెల్ ఫెయిల్యూర్ 10% తగ్గుతుంది, కవచం ఒక మెట్టు తేలికైన తరగతిగా లెక్కలోకి వస్తుంది. అసలు లాభమంతా ఈ చివరి మాటలోనే ఉంది, గందరగోళమూ అక్కడే.

మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ లైట్‌గా లెక్క కాబట్టి 30 అడుగుల వేగం నిలుస్తుంది, రోగ్ ఎవేజన్ పనిచేస్తుంది, రాత్రి తొడుక్కునే పడుకున్నా పొద్దున అలసట ఉండదు. ఇన్ని లాభాలు ఒక్క వస్తువులో ఇంకెక్కడా దొరకవు. డెక్స్ మాడిఫయర్ 4 లేక 5 ఉన్న పాత్రకి ఈ ఆట మొత్తంలో డబ్బుకి తగ్గ కవచం ఇదేనని నా నమ్మకం.

మిథ్రల్ ఫుల్ ప్లేట్ అలా కాదు. అది మీడియంగా లెక్క. మీడియంలో కూడా 30 అడుగుల పాత్ర 20 అడుగులే నడుస్తుంది! పరుగు తీసేటప్పుడు మూడింతలకి బదులు నాలుగింతలు వస్తుంది, అంతే. వేగం కోసం 9,000 గోల్డ్ పోసి టేబుల్ మీద నిరాశపడే ఆటగాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు.

ఇంకో మెలిక ప్రొఫిషియెన్సీ. తరగతి తగ్గేది వేగానికీ ఇతర పరిమితులకీ మాత్రమే, తొడిగే నేర్పుకి కాదు. మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్‌కి మీడియం కవచం నేర్పు కావాల్సిందే. అయితే నేర్పు లేకపోతే జరిగేదేమిటి? చెక్ పెనాల్టీ దాడి రోల్‌కి కూడా పడుతుంది. మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్‌లో ఆ పెనాల్టీ −1 మాత్రమే. రోగ్‌కి గానీ బార్డ్‌కి గానీ ఏసీ రెండు పెరిగితే దాడిలో ఒకటి తగ్గుతుంది, చాలామందికి ఇది గిట్టుబాటే. ఆర్మర్ ఎక్స్‌పర్ట్ అనే ట్రెయిట్ (పాత్రకి ఎంచుకునే చిన్న గుణం) తీసుకుంటే ఆ ఒక్కటి కూడా పోతుంది.

షీల్డ్‌ల్లో మిథ్రల్ బక్లర్ 1,005 గోల్డ్. చెక్ పెనాల్టీ 0, స్పెల్ ఫెయిల్యూర్ 0. విజార్డ్‌కి షీల్డ్ నేర్పు లేకపోయినా నష్టం ఏమీ పడదు. విజార్డ్ లోహానికి డబ్బు పెట్టదలిస్తే ఇక్కడే పెట్టాలి. మిథ్రల్ చైన్ షర్ట్ జోలికి పోవద్దు, అది ఇచ్చే 4 ఏసీని మేజ్ ఆర్మర్ స్పెల్ లెవెల్‌కి గంట చొప్పున ఉచితంగా ఇస్తుంది, పైగా రెండూ కలిసి లెక్కకు రావు.

అడమంటైన్

ఇది ప్రధానంగా చేసేది ఒక్కటే పని: ఆయుధం దెబ్బ పడ్డ ప్రతిసారీ కొంత నష్టం మింగేస్తుంది. లైట్‌లో 1, మీడియంలో 2, హెవీలో 3. ఏ ఆయుధమూ దీన్ని దాటలేదు. ఖరీదు లైట్‌కి అదనంగా 5,000, మీడియంకి 10,000, హెవీకి 15,000.

లాభం ఎంతో ముందే లెక్క కట్టొచ్చు. ఒక పోరులో మీ మీద సగటున 6 దెబ్బలు పడతాయనుకుంటే ఫుల్ ప్లేట్‌లో 18 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) మిగులుతాయి, రోజుకి నాలుగు పోరులైతే 72. పొట్టి విల్లు పట్టిన గోబ్లిన్ల గుంపు ముందు ఇది గొప్పగా కనిపిస్తుంది. ఒకే దెబ్బకి 40 పాయింట్లు తీసే జెయింట్ ముందు కనిపించదు. ఫైర్‌బాల్ ముందు అసలు పనిచేయదు.

బార్బేరియన్లు దీని జోలికి వెళ్లకపోవడం మంచిది. ఏడో లెవెల్ నుంచి ఆ క్లాస్‌కే సొంత డ్యామేజ్ రిడక్షన్ (ఇలా నష్టం మింగే శక్తి) వస్తుంది, కవచం ఇచ్చేది దానితో కలవదు, రెండిట్లో పెద్దది మాత్రమే లెక్క.

కవచాన్నే పగలగొట్టే శత్రువులు మీ జీఎమ్‌కి (ఆట నడిపించే గేమ్ మాస్టర్‌కి) ఇష్టమైతే ఇంకో లాభం ఉంది. మామూలు ఉక్కు హార్డ్‌నెస్ (గట్టితనం) 10, మిథ్రల్‌ది 15, అడమంటైన్‌ది 20, హిట్ పాయింట్లు కూడా మూడో వంతు ఎక్కువ. రస్ట్ మాన్‌స్టర్ ముందు మాత్రం ఇవేవీ అక్కరకు రావు, దాని మీసాలు ఏ లోహాన్నైనా తినేస్తాయి.

డ్రాగన్ తోలు

లోహం కాకపోయినా ఈ పోలికలో దీన్ని వదలకూడదు, డ్రూయిడ్‌కి గట్టి కవచం కావాలంటే వెతకాల్సింది ఇక్కడే. ధర ఆ రకం మాస్టర్‌వర్క్ కవచానికి రెట్టింపు, అంతే. బ్రెస్ట్‌ప్లేట్ 700, ఫుల్ ప్లేట్ 3,300. హీట్ మెటల్ స్పెల్ దీన్ని తాకదు, రస్ట్ మాన్‌స్టర్ తాకినా ఏమీ కాదు. నిప్పుకి చెక్కుచెదరని డ్రాగన్ తోలు అయితే కవచం కూడా నిప్పుకి చెడదు. లోపలున్న మనిషికి మాత్రం ఆ రక్షణ రాదు. తర్వాత దాని మీద నిప్పు నుంచి కాపాడే శక్తి పెట్టించాలంటే ఆ ఖర్చు 25% తగ్గుతుంది.

డ్రాగన్‌ని చంపగానే "నాకు బ్రెస్ట్‌ప్లేట్" అనే ఆటగాడికి పరిమాణం నియమం చదివి వినిపించాలి. హైడ్ కవచానికి తొడిగేవాడి కంటే ఒక సైజ్ పెద్ద డ్రాగన్ చాలు. బ్యాండెడ్ మెయిల్‌కి రెండు సైజులు, హాఫ్ ప్లేట్‌కి మూడు, బ్రెస్ట్‌ప్లేట్‌కి, ఫుల్ ప్లేట్‌కి నాలుగు సైజులు పెద్దదై ఉండాలి. మీడియం సైజ్ మనిషికి నాలుగు సైజులు పైన అంటే కొలోసల్. యంగ్ రెడ్ డ్రాగన్ లార్జ్, అడల్ట్ హ్యూజ్, ఏన్షెంట్ కూడా గార్గాంచువానే. ఏన్షెంట్ రెడ్‌ని పడగొట్టినా మనిషికి బ్రెస్ట్‌ప్లేట్ రాదు, హాఫ్లింగ్‌కైతే వస్తుంది. డ్రూయిడ్‌కి హెవీ కవచం నేర్పు ఉండదు కాబట్టి మధ్యలోని బ్యాండెడ్ మెయిల్, హాఫ్ ప్లేట్ కూడా దండగే. కనుక వేటలో దొరికిన తోలుతో 330 గోల్డ్ విలువైన హైడ్ కవచం చేయించుకోండి, బ్రెస్ట్‌ప్లేట్ కావాలంటే తయారుగా ఉన్నది కొనుక్కోండి. డ్రాగన్ లార్జ్ గానీ అంతకంటే పెద్దది గానీ అయితే కవచంతో పాటు ఒక షీల్డ్‌కి సరిపడా తోలు కూడా మిగులుతుంది.

డ్రూయిడ్ షీల్డ్‌కి డార్క్‌వుడ్ చాలు. 257 గోల్డ్, చెక్ పెనాల్టీ లేదు, ఇంక ఆలోచించక్కర్లేదు.

సొంతంగా చేయడమా, కొనడమా

కాగితం మీద క్రాఫ్ట్ స్కిల్ ఊరిస్తుంది. ధరలో మూడో వంతు ముడిసరుకుకి పెడితే చాలు: మిథ్రల్ ఫుల్ ప్లేట్ 10,500కి బదులు 3,500. మిగతాదంతా కాలం రూపంలో కట్టాలి.

పద్ధతి ఇది. ధరని సిల్వర్‌లోకి మార్చాలి, అంటే పదితో గుణించాలి. వారానికి ఒక క్రాఫ్ట్ చెక్, అంటే 20 ముఖాల డైస్ ఫలితానికి బోనస్ కలిపి డీసీ అనే కష్టం అంకెని అందుకోవాలి. నెగ్గితే చెక్ ఫలితాన్ని డీసీతో గుణించగా వచ్చినంత సిల్వర్ విలువైన పని ఆ వారం అయినట్టు. మామూలు కవచం డీసీ 10కి దాని ఏసీ కలిపితే వస్తుంది, మాస్టర్‌వర్క్ డీసీ 20. ప్రత్యేక లోహానికి మొత్తం ధరనీ డీసీ 20 కింద లెక్కేస్తే సులువు. బోనస్ +10 ఉండి టేక్ 10 చేస్తే (డైస్ వేయకుండా 10 పడినట్టు లెక్కేస్తే) ఫలితం 20, వారానికి 400 సిల్వర్ పని.

| కవచం | ముడిసరుకు (గోల్డ్) | వారాలు |
|---|---|---|
| డార్క్‌వుడ్ షీల్డ్ | సుమారు 86 | 7 |
| డ్రాగన్ తోలు హైడ్ | 110 | 5 |
| డ్రాగన్ తోలు బ్రెస్ట్‌ప్లేట్ | సుమారు 233 | 9 |
| మిథ్రల్ బక్లర్ | 335 | 26 |
| మిథ్రల్ చైన్ షర్ట్ | సుమారు 367 | 28 |
| మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ | 1,400 | 105 |
| మిథ్రల్ ఫుల్ ప్లేట్ | 3,500 | 263 |
| అడమంటైన్ ఫుల్ ప్లేట్ | 5,500 | 413 |

అడమంటైన్ ఫుల్ ప్లేట్‌కి దాదాపు ఎనిమిదేళ్లు. డ్రాగన్ తోలు త్వరగా అవడానికి కారణం ఉంది, దానికి క్రాఫ్ట్ ఫలితాన్ని రెట్టింపు చేయాలని నియమం.

బోనస్ +10 తెచ్చుకోవడం కష్టం కాదు. నాలుగు ర్యాంకులు (స్కిల్‌లో పెట్టిన పాయింట్లు), క్లాస్ స్కిల్‌కి 3, ఇంటెలిజెన్స్ 1, మాస్టర్‌వర్క్ పనిముట్లకి 2. ఆ పనిముట్లు 55 గోల్డ్. డీసీ 10 చెక్ నెగ్గే సహాయకుడు ఉంటే ఇంకో 2. డైస్ వేయడం మాత్రం మానుకోండి. చెక్ 5 లేక అంతకంటే ఎక్కువ తేడాతో ఓడితే ముడిసరుకు సగం పాడవుతుంది. మిథ్రల్ ఫుల్ ప్లేట్ విషయంలో అది 1,750 గోల్డ్. 263 వారాల్లో అలాంటి రోల్ పడకుండా ఉండదు, టేక్ 10 ఒక్కటే దారి.

కావాలని డీసీని 10 పెంచుకుని వేగం పెంచొచ్చు. బోనస్ +20 ఉన్నవాళ్లకి వారానికి 900 సిల్వర్ వస్తుంది, మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ 47 వారాల్లో అవుతుంది. అయినా అది ఏడాది పని.

క్రాఫ్ట్ మ్యాజిక్ ఆర్మ్స్ అండ్ ఆర్మర్ అనే ఫీట్ (పాత్ర ఎంచుకునే ప్రత్యేక నేర్పు) ఉంటే లోహం సగం ధరకే వస్తుందనుకోవడం మామూలు పొరపాటు. ఆ ఫీట్ తగ్గించేది మంత్రం ఖర్చునే. కవచం +1 అయ్యేది 500 గోల్డ్‌తో, ఒక్క రోజులో. కవచం తయారయ్యేది మాత్రం పై పట్టికలోని వారాల్లోనే.

నిజంగా పనికొచ్చేది ఫ్యాబ్రికేట్ అనే ఐదో లెవెల్ స్పెల్. తొమ్మిదో లెవెల్ విజార్డ్ 9 ఘనపు అడుగుల లోహాన్ని ఒక్క స్పెల్‌తో వస్తువుగా మార్చగలడు, ఫుల్ ప్లేట్‌కి అది సరిపోయి మిగులుతుంది. ముడిసరుకు ఖర్చు అలాగే ఉంటుంది, నైపుణ్యం కావాల్సిన వస్తువు కాబట్టి క్రాఫ్ట్ చెక్ కూడా కావాలి. ఇంటెలిజెన్స్ 20 ఉన్న విజార్డ్ కవచాల క్రాఫ్ట్‌లో రెండు ర్యాంకులు పెడితే చాలు: 5, 2, క్లాస్ స్కిల్ 3 కలిపి +10. పార్టీలో విజార్డ్ ఉంటే ఆ రెండు ర్యాంకులు ఇప్పుడే పెట్టించండి. లేకపోతే బయటివాణ్ని పిలవాలి, కనీస రుసుము 450 గోల్డ్. 3,500కి 450 కలిపితే మిథ్రల్ ఫుల్ ప్లేట్ 3,950కే చేతికొస్తుంది. పిలిచిన విజార్డ్‌కి క్రాఫ్ట్ స్కిల్ ఉందో లేదో మాత్రం జీఎమ్‌ని ముందే అడగాలి.

కొనదలిస్తే ఊరు చూసుకోవాలి. ఊరి బేస్ వాల్యూ (ఆ ఊళ్లో సులువుగా దొరికే వస్తువుల ధర హద్దు) లోపలి ధర ఉన్న వస్తువు దొరికే అవకాశం 75%, దొరక్కపోతే వారం తర్వాత మళ్లీ చూడాలి. స్మాల్ సిటీకి ఆ హద్దు 4,000, లార్జ్ సిటీకి 8,000, మెట్రోపోలిస్‌కి 16,000. మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ 200 గోల్డ్ తేడాతో స్మాల్ సిటీ హద్దు దాటిపోయింది. అడమంటైన్ ఫుల్ ప్లేట్ మెట్రోపోలిస్ హద్దునీ దాటింది, దానికి కమ్మరికి ఆర్డర్ ఇవ్వడమో ఫ్యాబ్రికేటో తప్పదు.

ఎవరికి ఏది

ఫైటర్: ఆర్మర్ ట్రెయినింగ్ వల్ల మూడో లెవెల్‌లో మీడియంలో, ఏడో లెవెల్‌లో హెవీలో పూర్తి వేగం వస్తుంది, డెక్స్ పరిమితి కూడా లెవెళ్లతో పాటు పెరుగుతుంది. పదకొండో లెవెల్‌కి మామూలు ఫుల్ ప్లేట్ పరిమితి 4. మిథ్రల్ అవసరమయ్యేది మూడుకీ ఏడుకీ మధ్య. కానీ ఐదో లెవెల్ పాత్ర మొత్తం ఆస్తి అంచనాయే 10,500, సరిగ్గా మిథ్రల్ ఫుల్ ప్లేట్ ధర. కాబట్టి ఉక్కు ఫుల్ ప్లేట్‌తో నెట్టుకొచ్చి, ముందువరసలో దెబ్బలు కాసే ఫైటర్ అయితే అడమంటైన్‌కి కూడబెట్టడం మేలు.

పాలడిన్: డెక్స్ 12 అయితే మిథ్రల్ వల్ల ఏసీకి సున్నా. 1,650 గోల్డ్ ఫుల్ ప్లేట్ మీద +1, +2, +3 ఎక్కించుకుంటూ వెళ్లండి.

బార్బేరియన్, రేంజర్: మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్, మారుమాట లేదు. బార్బేరియన్ 40 అడుగుల వేగం అలాగే ఉంటుంది. మిథ్రల్ ఫుల్ ప్లేట్ మీడియంగా లెక్కైనా హెవీ నేర్పు లేని బార్బేరియన్ దాడిలో 3 పోగొట్టుకుంటాడు.

రోగ్, బార్డ్: డెక్స్ మాడిఫయర్ 5 దాకా మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్. డబ్బు చాలనప్పుడు మిథ్రల్ చైన్ షర్ట్‌తో మొదలుపెట్టొచ్చు, తర్వాత అమ్మితే 550 వస్తుంది. మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్‌లో బార్డ్ స్పెల్స్ లైట్ కవచంలో లాగే సాగుతాయని నేను నియమాన్ని చదువుతాను, మీ జీఎమ్‌తో ఆ మాట ముందే ఖాయం చేసుకోండి.

డ్వార్ఫ్: ఏ కవచమైనా 20 అడుగుల వేగం తగ్గదు కాబట్టి వేగం మాట వదిలేసి డెక్స్, దెబ్బల లెక్క రెండే చూడాలి.

జీఎమ్‌తో ముందే మాట్లాడుకోవాల్సినవి

వారాల పట్టిక చూశాక చాలా టేబుళ్లు పనిని సిల్వర్‌లో కాక గోల్డ్‌లో లెక్కిస్తాయి. మిథ్రల్ బ్రెస్ట్‌ప్లేట్ 105 వారాలకి బదులు 11 వారాల్లో అవుతుంది. రెండు సాహసాల మధ్య విరామానికి ఇది సరిగ్గా సరిపోతుంది, ఆటలో సమతూకమూ చెడదు. క్రాఫ్ట్ స్కిల్‌లో ర్యాంకులు పెట్టిన ఆటగాడికి ఈ వెసులుబాటు ఇవ్వాల్సిందే అంటాను.

డ్రాగన్‌ని చంపి తెచ్చిన తోలు ముడిసరుకు ఖర్చులో ఎంతకి సమానమో కూడా మాట్లాడుకోవాలి. మొత్తం మూడో వంతుకీ సమానం అనేస్తే ఎవరికీ నష్టం లేదు, డ్రాగన్ తోలు ధరలు ఎలాగూ చిన్నవే. శత్రువు దగ్గర దొరికిన అడమంటైన్ కత్తిని కరిగించి కవచంలో వాడతామంటే మాత్రం అమ్మితే వచ్చే సగం ధరని ముడిసరుకు కింద జమ కట్టడం న్యాయం. అంతకంటే ఎక్కువ ఇస్తే దొరికిన ప్రతి ఆయుధమూ కొలిమిలోకే పోతుంది.